నడవమంటారు సరే, ఎక్కడ నడవాలి?

"మందులు ఇప్పుడే వద్దమ్మా. రోజూ ఓ అరగంట నడవండి. మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం."

ఇంత చెప్పి డాక్టరమ్మ తర్వాతి నంబరు పిలిచింది. పోయిన ఎండాకాలం సంగతి ఇది. షుగరు అంచు మీద ఉందట, జాగ్రత్త పడితే వెనక్కి పోతుందట. మందులు తప్పినందుకు సంతోషపడుతూ చేవెళ్లలో బస్సెక్కి ఆలూరు స్టేజీలో దిగాను. రోడ్డు దాటి ఇంటికి పోవాలి. ఒక లారీ పోయింది, దాని వెనక ఇంకో లారీ, దాన్ని దాటుకుంటూ ఒక కారు. చీర కుచ్చిళ్లు పట్టుకుని అలా నిలబడి ఉన్నప్పుడు అనిపించింది. అరగంట నడవాలి సరే, ఎక్కడ?

మీరు నవ్వుకోవచ్చు. పల్లెటూళ్లో నడవడానికి చోటు లేదంటే ఎవరు నమ్ముతారు? చుట్టూ పొలాలే కదా, స్వచ్ఛమైన గాలే కదా అంటారు హైదరాబాదులో ఉండే మా చుట్టాలు. నేనూ అలాగే అనుకున్నాను, మొదలుపెట్టేదాకా.

మొదటి వారం పొద్దున్నే అయిదున్నరకు లేచి పొలాల వైపు బండ్ల బాట పట్టాను. మొదటి రోజు కుక్కలు వెంటపడ్డాయి. రెండో రోజు చేతిలో కర్ర పట్టుకుని పోయాను. మూడో రోజు ఎదురింటి పెద్దమ్మ ఆపింది.

"ఏంది బిడ్డా, పొద్దుగాల్నే గంత జల్ది జల్ది ఎటు పోతున్నవ్? ఎవ్వలకన్న పానం బాగలేదా?"

"ఎవ్వలకు ఏం కాలే పెద్దమ్మా. ఉత్తగనే నడుస్తున్న."

"ఉత్తగ నడుసుడేంది? ఇంట్ల పని లేదా?"

ఆడమనిషి పొద్దున్నే వడివడిగా పోతోందంటే చావుకబురో, దవాఖాన పనో అయి ఉండాలని మనవాళ్ల లెక్క. పనిలేకుండా నడవడం మగవాళ్లకు చెల్లుతుంది. ఆ మాట కూడా దాటుకున్నాను. కానీ వానలు మొదలయ్యాక ఆ బాట మోకాలి లోతు గడ్డి, బురద అయిపోయింది. ఒకరోజు పాము అడ్డం పోయింది. అక్కడితో ఆ దారి ఆగిపోయింది.

తర్వాత మేడ మీద నడిచాను. మా మేడ చుట్టూ తిరిగితే నలభై అడుగులు. అరగంట తిరిగేసరికి గానుగెద్దులా తల తిరిగింది తప్ప నడిచినట్టు అనిపించలేదు. ఇక మిగిలింది తారురోడ్డు. ఆ మాట ఎత్తగానే మా ఆయన, మా అత్తమ్మ ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. వాళ్లు ఎందుకు వద్దన్నారో మా ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. మీకు చెప్పాలి.

2024 డిసెంబరు 2న మా ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు పెట్టుకుని అమ్ముతున్నవాళ్ల మీదికి ఒక లారీ దూసుకొచ్చింది. నలుగురు చనిపోయారు. లారీ చెట్టుకు కొట్టుకుని ఆగింది. పొద్దున తోటలో కోసిన కూరగాయలు సాయంత్రానికి అమ్ముకుని ఇంటికి పోదామని కూర్చున్నవాళ్లు వాళ్లు. నేనూ అక్కడే కూర్చుని, బేరమాడి, కొసరు అడిగి కొన్నదాన్నే. ఆ తర్వాత ఏడాది తిరగకముందే, 2025 నవంబరు 3న, ఇదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు గుద్దింది. పంతొమ్మిది మంది పోయారు. తాండూరు నుంచి హైదరాబాదు పోయే బస్సు అది. కూర్చున్నవాళ్లకు, బస్సులో ఉన్నవాళ్లకే దిక్కు లేని రోడ్డు పక్కన ఆరోగ్యం కోసం నడుస్తానంటే ఇంట్లోవాళ్లు ఎలా ఒప్పుకుంటారు? నేనే ఒప్పుకోలేదు.

మూడు నెలల తర్వాత మళ్లీ దవాఖానకు పోయాను. "నడిచారా?" అని అడిగింది డాక్టరమ్మ. "కుదరలేదండీ" అన్నాను తల దించుకుని. ఆమె ఏమీ అనలేదు, నవ్వి ఊరుకుంది. కానీ నాకు నేనే తప్పు చేసినట్టు అనిపించింది. బస్సులో కూర్చున్నాక ఆలోచిస్తే, ఆ సిగ్గు నాది కాదు అనిపించింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మనకు బద్ధకమని అందరూ అంటారు. టీవీ చూస్తారు, ఫోను చూస్తారు, నడవరు అంటారు. కొంచెం నిజం ఉండొచ్చు. కానీ లెక్కలు చూడండి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2022లో మన దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి ఆ మాత్రం కదలిక కూడా లేదని 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. మగవాళ్లలో ఇది 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఇది పొద్దున వాకింగు మాత్రమే చూసి వేసిన లెక్క కాదు. ఇంటిపని, బయటి పని, రాకపోకలు అన్నీ కలిపిన లెక్క. మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పింది. ఇన్ని కోట్ల మందికి ఒకేసారి బద్ధకం పుట్టుకొస్తుందా?

మా అమ్మ రోజుకు ఎన్నిసార్లు బావికి పోయేదో ఆమెకే తెలియదు. రోట్లో రుబ్బేది, బండమీద బట్టలు ఉతికేది, చేనుకు సద్ది మోసుకుపోయేది. ఇప్పుడు నా ఇంట్లో నల్లా ఉంది, మిక్సీ ఉంది, వాషింగ్ మెషిన్ ఉంది, చేనుకు పోవాలంటే బండి ఉంది. ఆ పాత రోజులు మళ్లీ రావాలని నేను చచ్చినా కోరుకోను. మా అమ్మ ఆ చాకిరీతో నలభై ఏళ్లకే నడుము పట్టుకుని లేచేది. చాకిరీ పోవడం మంచిదే. కానీ చాకిరీతో పాటు కదలిక కూడా ఇంట్లోంచి వెళ్లిపోయింది. దాని బదులు ఆడమనిషి హాయిగా, భయం లేకుండా, పది మంది కళ్లు పడకుండా నడిచే చోటును ఎవరూ ఇవ్వలేదు. ఆ ఖాళీలో షుగరు, బీపీ వచ్చి కూర్చున్నాయి.

మా యారాలు ఒక మాట అంది. "ఇంట్ల ఉండేటోళ్లకు గీ వాకింగులు. పొద్దుందాక చేన్ల పనిచేసెటోళ్లకు ఎందుకక్కా?" మంచి ప్రశ్నే. మా దగ్గర టమాటా, క్యారెట్, బీట్‌రూట్ తోటల్లో కూలికి పోయే ఆడవాళ్లకు ఇంకో గంట వ్యాయామం చెప్పడం పాపం. వాళ్లకు కావలసింది విశ్రాంతి. కానీ మా ఊరి తారురోడ్డు అంచున రోజూ ఎక్కువ దూరం నడిచేది ఎవరో చూడండి. వాళ్లే. చీకటితో చేనుకు, చీకటితో ఇంటికి, నెత్తిన మూటతో, పక్కన పిల్లతో. నడకదారి వస్తే బూట్లు వేసుకుని నడిచే నాకంటే ముందు పనికొచ్చేది చెప్పుల్లేకుండా నడిచే వాళ్లకే. బడికి పోయే పిల్లలకు, కర్ర పట్టుకుని దవాఖానకు పోయే ముసలివాళ్లకు. పిల్లలకైతే రోజుకు గంట ఆటపాటలు ఉండాలంటారు. మన పిల్లలు గుమ్మంలో బడి బస్సెక్కి గుమ్మంలో దిగుతున్నారు. నడిచి పంపడానికి మనకే ధైర్యం లేదు మరి.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2019 ఆగస్టు 29న ఫిట్ ఇండియా ఉద్యమం మొదలైంది. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ముప్ఫై ఏళ్లు దాటినవాళ్ల షుగరు, బీపీ సంగతి కనుక్కుంటున్నారు. ఊరూరా పల్లె ప్రకృతి వనాలు పెట్టారు. 2022లో తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, వ్యాయామం చేసే కడ్డీలు ఉండాలన్నారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సులో మనకు టికెట్ లేదు. నన్నడిగితే ఆడవాళ్ల ఆరోగ్యానికి చేసిన పనుల్లో అది కూడా ఒకటి. బస్సు ఎక్కాలంటే ఇంట్లోంచి స్టేజీ దాకా నడవాలి కదా, దిగాక మళ్లీ నడవాలి కదా. ఎన్నో ఏళ్లుగా గడప దాటనివాళ్లు దాటారు.

కానీ ఆ గడపకూ ఆ స్టేజీకీ మధ్య ఉన్న దారిని చూసినవాళ్లు తక్కువ. నేను చూసిన ఒక ఊరి ఆటస్థలం ఊరికి దూరంగా, గుట్ట వారన ఉంది. బోర్డు బాగుంది. సాయంత్రమైతే అక్కడ దీపం లేదు, సీసాలు ఉన్నాయి. ఏ తల్లి ఆడపిల్లను అక్కడికి ఆడుకోవడానికి పంపుతుంది? ఆడవాళ్లకు తీరిక దొరికేది రెండే వేళల్లో. తెల్లవారకముందు, చీకటి పడ్డాక. వీధి దీపం లేని చోటు ఎంత గొప్పగా కట్టినా మనకు లేనట్టే.

మా బీజాపూర్ రోడ్డు హైదరాబాదు వైపు మొదలయ్యే అప్పా జంక్షన్ దగ్గరికి మీరెప్పుడైనా వస్తే చూడండి. అవుటర్ రింగు రోడ్డు వెంట సైకిళ్ల కోసం 23 కిలోమీటర్ల దారి ఉంది. 2023 అక్టోబరు 1న తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, ఎండ తగలదు, వాన తగలదు, రాత్రి దీపాలు. నేను చూసి ముచ్చటపడ్డాను, కళ్లలో నిప్పులు పోసుకోలేదు. అనుకుంటే చేయగలరని అది చూస్తే అర్థమైంది. అదే జంక్షన్ నుంచి మా వైపు బయల్దేరితే మొయినాబాద్, చేవెళ్ల, మా ఆలూరు దాటి మన్నెగూడ వచ్చేదాకా 46 కిలోమీటర్లు. నడిచేవాళ్లకు మిగిలింది తెల్లగీత అవతలి మట్టి.

ఇప్పుడు ఆ 46 కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరుసలకు పెంచే పని జరుగుతోంది. వెడల్పు కావాలి. ఇన్ని ప్రాణాలు పోయాక వద్దనేవాళ్లు ఎవరు? రోడ్డుకు రెండు వైపులా పాతకాలపు మర్రిచెట్లు దాదాపు తొమ్మిది వందలు ఉన్నాయి. వాటిని కాపాడాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయినవాళ్లు ఉన్నారు. రోడ్డా, చెట్లా అని కొన్నేళ్లు వాదన నడిచింది. ఆ వాదనలో నడిచే మనిషి ఎక్కడా లేడు. నాకు తోచింది చెబుతాను, ఇంజనీరును కాను. ఊళ్లు ఉన్న చోటల్లా, చెట్ల వరుసకు ఊరి వైపున, బండ్లు ఎక్కలేని ఒక కాలిబాట వేస్తే ఎలా ఉంటుంది? చెట్టు మొద్దులే లారీకీ మనిషికీ మధ్య కాపలా. ఎండాకాలం పది గంటలకు కూడా నీడ. స్టేజీ దగ్గర రోడ్డు దాటడానికి ఒక పద్ధతి, కూరగాయలు అమ్ముకునేవాళ్లకు రోడ్డుకు ఎడంగా ఒక కప్పు. ఇవి అలంకారాలు కావు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఫుట్‌పాత్‌కు చెప్పిన కనీస వెడల్పు 1.8 మీటర్లు. అంటే దాదాపు ఆరడుగులు. ఇద్దరు ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన నడవడానికి సరిపోతుంది. అంతకంటే ఏం అడిగాం?

ఇది దయ చూపమని అడగడం కూడా కాదు. నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. ఫుట్‌పాత్‌ల మీద మార్గదర్శకాలు తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వేసిన ప్రణాళిక కూడా కదలిక లేనివాళ్ల శాతాన్ని 2030 నాటికి 15 శాతం తగ్గించాలంటూ, మనుషులకు సలహాలు చెబితే చాలదు, వాళ్ల చుట్టూ ఉన్న పరిసరాలను మార్చాలంటుంది. దవాఖానలో రాసిచ్చే అరగంట నడకను ఊళ్లో అమలు చేసేది రోడ్ల శాఖ, పంచాయతీ, బడి, కరెంటు ఆఫీసు. వాళ్లంతా కలిస్తేనే ఆ మందు పనిచేస్తుంది.

కలిస్తే ఏమవుతుందో మన దేశంలోనే ఉదాహరణ ఉంది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. చదువుతో పాటు ఆడవాళ్లకు సైకిలు నేర్పించాలని పెట్టుకున్నారు. వేలమంది పల్లె ఆడవాళ్లు నేర్చుకున్నారు. ఒక్కతి సైకిలెక్కితే ఊరంతా నవ్వుతుంది. వేలమంది ఎక్కితే నవ్వడానికి ఎవరూ మిగలరు, దారి ఇస్తారు. దూరదేశం సంగతి కావాలంటే కొలంబియాలో బొగోటా నగరం ఉంది. 1974 నుంచి అక్కడ ఆదివారాలు పెద్ద పెద్ద రోడ్లమీద కార్లు ఆపేసి మనుషులకు వదిలేస్తున్నారు. మన ఊళ్లో అంత అక్కర్లేదు. ఆదివారం పొద్దున రెండు గంటలు ఊరి లోపలి రోడ్డు మీదికి ట్రాక్టర్లు రాకుండా చూస్తే పిల్లలు ఆడుకుంటారు, మనం నడుస్తాం.

దారి దొరికితే సరిపోదు, ఇంట్లో వీలు కూడా దొరకాలి. ఆ అరగంట ఎక్కడినుంచి వస్తుంది? పొద్దున టిఫిను, డబ్బాలు, పిల్లలు. సాయంత్రం వంట. ఈ మాట ఇంట్లో గట్టిగా అన్నాను. మా ఆయన మొదట ట్రెడ్‌మిల్ కొందామన్నాడు. "పెట్టేది ఎక్కడ, దాని మీద బట్టలు ఆరేసేది ఎవరు?" అన్నాను. చివరికి పొద్దున చాయ్ పెట్టడం, పిల్లల్ని లేపడం తన పని చేసుకున్నాడు. ట్రెడ్‌మిల్ కంటే అదే మేలు.

మొన్న డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు అయ్యాయి. చాలా ఊళ్లకు కొత్త సర్పంచులు వచ్చారు. మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్లవే. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. ఇంతకాలం మనం గ్రామసభ అంటే పింఛన్లు, ఇళ్లు, రేషన్ కార్డుల సంగతి అనుకున్నాం. నడకదారి గురించి మనం అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు.

మా వాడకట్టు ఆడవాళ్లం ఆరుగురం కలిసి ఒక అర్జీ రాశాం. రాసింది నేనే. తెలుగు బీఏ చదివి ఏం ఉద్ధరించావని పాతికేళ్లుగా అడుగుతున్న మా అన్నయ్యకు ఇప్పుడు జవాబు దొరికింది. అందులో పెద్ద కోరికలేమీ లేవు. ఊళ్లోంచి స్టేజీ దాకా దారి పక్క పొదలు కొట్టించడం. ఆ దారిలో నాలుగు దీపాలు. బడి వదిలాక సాయంత్రం గంటన్నరసేపు బడి ఆవరణ గేటు ఆడవాళ్లకు, పిల్లలకు తెరిచి ఉంచడం. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఊరి దగ్గర కాలిబాట వేయాలని గ్రామసభ తీర్మానం చేసి పైకి పంపడం. మొదటి మూడింటికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు.

సంతకాల కోసం ఎదురింటి పెద్దమ్మ దగ్గరికి కూడా పోయాను. అర్జీలో ఏముందో మొత్తం చదివించుకుని విన్నది. ఉత్తగ నడుసుడేంది అని మళ్లీ అంటుందేమో అనుకున్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ స్టేజీ దగ్గర కూరగాయలు కొన్నవాళ్లలో ఆమె కూడా ఉంది.

"దీపాల సంగతి ముందుగాల రాయి బిడ్డా" అంది వేలిముద్ర వేస్తూ. "చీకట్ల ఆ రోడ్డు దాటాల్నంటే నాకు పానం పోయినట్టయితది."

ఇంటికొచ్చి కాగితం మళ్లీ రాశాను. దీపాలు మొదటి వరుసలోకి వచ్చాయి. వచ్చే గ్రామసభకు అందరం కలిసి పోతున్నాం. నడుచుకుంటూనే.